మూడు రెక్కలా, రెండు రెక్కలా? చిన్న మోడల్ విమానానికి తీగలు కట్టే ముందు

పాతకాలపు విమానాల మోడళ్లు మొదలుపెట్టాలనుకునేవారికి నేను ట్రైప్లేన్‌తో, అంటే మూడు రెక్కల విమానంతో మొదలుపెట్టమని చెబుతాను. చాలామంది వింతగా చూస్తారు. రెండు రెక్కలు వంకర లేకుండా నిలబెట్టడమే గగనమైతే మూడో రెక్క ఎందుకు తగిలించుకోవాలని అడుగుతారు. కష్టాన్ని రెక్కల లెక్కతో కొలవడం వల్ల వచ్చే సందేహం ఇది. మోడల్ బల్ల మీద మనల్ని ఏడిపించేవి రెక్కలు కావు, వాటిని పట్టి ఉంచే నిలువు పుల్లలు, అంటే స్ట్రట్లు, ఆ స్ట్రట్ల మధ్య బిగించే తీగలు. అసలు విమానాన్ని నిజంగా ఏది నిలబెట్టిందో తెలిస్తే, ఏ కిట్ కొనాలో సగం తేలిపోతుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో ఇంగ్లండ్‌కు చెందిన సాప్‌విత్ ట్రైప్లేన్ జర్మన్ పైలట్లను బెంబేలెత్తించింది. జవాబుగా జర్మన్ సంస్థ ఫోకర్ తయారుచేసిన డీఆర్.1లో మూడు రెక్కలున్నా వాటి మధ్య తీగలు లేవు. ఒక్కో రెక్క లోపల పెట్టెలాంటి బలమైన దూలం ఉండటంతో రెక్కలు తమంతట తామే నిలిచాయి. తొలి నమూనాకు రెక్కల మధ్య స్ట్రట్లు కూడా పెట్టలేదు. గాలిలో రెక్కలు ఊగుతున్నాయని తర్వాత ఒక్కో పక్క ఒక్కో పలుచని స్ట్రట్ చేర్చారు. మోడల్‌కు తీగలు కట్టేవాడికి ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది?

ముందుగా చూసుకోవలసినవి

నేను కిట్ ఎంచుకునేటప్పుడు నాలుగు విషయాలు చూస్తాను.

మొదటిది తీగల లెక్క. పక్కకు ఒక జత స్ట్రట్లున్న మామూలు బ్రిటిష్ బైప్లేన్‌ను (రెండు రెక్కల విమానాన్ని) తీసుకోండి. పొట్ట దగ్గర మొదలై బయటి స్ట్రట్ పైకొసకు వెళ్లేవి ఫ్లయింగ్ వైర్లు. గాలిలో రెక్కల లాగుడును మోసేవి ఇవే కాబట్టి సాధారణంగా జంటగా ఉంటాయి. పై రెక్క మధ్య నుంచి బయటి స్ట్రట్ కింది కొసకు వచ్చేవి ల్యాండింగ్ వైర్లు, నేల మీద ఉన్నప్పుడు రెక్కల బరువు వీటి మీద పడుతుంది. ముందు స్ట్రట్‌కూ వెనుక స్ట్రట్‌కూ మధ్య అడ్డంగా దాటుకునేవి ఇన్సిడెన్స్ వైర్లు. రెండు పక్కలా కలిపి ఫ్లయింగ్ వైర్లు 8, ల్యాండింగ్ వైర్లు 4, ఇన్సిడెన్స్ వైర్లు 4, మొత్తం 16. ఇది రెక్కల మధ్య లెక్క మాత్రమే. పై రెక్క మధ్య భాగాన్ని శరీరానికి కలిపే కేబేన్ స్ట్రట్ల దగ్గర, చక్రాల దగ్గర, తోక దగ్గర ఉన్నవి, విమానాన్ని తిప్పే పలకలను కదిలించే అదుపు తీగలు వేరు. పక్కకు రెండు జతల స్ట్రట్లున్న విమానమైతే రెక్కల మధ్య లెక్క దాదాపు రెట్టింపు.

రెండోది స్ట్రట్ల అమరిక. ఒక్కో పక్క ఒక్క ముక్క వెడల్పాటి స్ట్రట్ ఉంటే రెక్క దానంతట అదే సరైన చోట కూర్చుంటుంది. నాలుగు విడి పుల్లలు ఒకేసారి నాలుగు గుంటల్లోకి దిగాలంటే మాత్రం మూడో చెయ్యి కావాలనిపిస్తుంది.

మూడోది రంగు. తీగలు తక్కువని సంబరపడి తెచ్చుకున్న కిట్, రంగుల దగ్గర బాకీ వసూలు చేస్తుంది. దీనికి ఉదాహరణ తర్వాత చెబుతాను.

నాలుగోది, పూర్తయ్యాక మోడల్ ఎక్కడ ఉంటుందన్నది. గాజు పెట్టెలో కదలకుండా ఉండేదానికీ, ప్రదర్శనలకు మోసుకెళ్లేదానికీ ఒకే దారం పనికిరాదు.

ఏ విమానం?

| విమానం | రెక్కల మధ్య తీగలు | రెక్కలు కూర్చడం | రంగుల పని | 1/72లో (అసలులో 72వ వంతు) రెక్క పొడవు |
|---|---|---|---|---|
| ఫోకర్ డీఆర్.1 | లేవు | తేలిక | ఎరుపైతే తేలిక, చారలైతే కష్టం | 10 సెం.మీ. |
| ఫోకర్ డీ.7 | లేవు | తేలిక | చాలా కష్టం | 12.4 సెం.మీ. |
| న్యూపోర్ట్ 17 | తక్కువ | మధ్యస్థం | తేలిక | 11.3 సెం.మీ. |
| సాప్‌విత్ ట్రైప్లేన్ | తక్కువ | ఓపిక కావాలి | తేలిక | 11.2 సెం.మీ. |
| సాప్‌విత్ కామెల్ | ఎక్కువ | కష్టం | తేలిక | 11.8 సెం.మీ. |
| గ్లాడియేటర్ | ఎక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | 13.7 సెం.మీ. |
| స్వోర్డ్‌ఫిష్ | చాలా ఎక్కువ | కష్టం | మధ్యస్థం | 19.3 సెం.మీ. |

డీఆర్.1లో మనం వేయవలసిన తీగలు కేబేన్ స్ట్రట్ల మధ్య, చక్రాల స్ట్రట్ల మధ్య, ఆపైన తోక వైపు వెళ్లే అదుపు తీగలు. ఒక సాయంత్రం పని. చాలామంది కొనేది రెడ్ బారన్‌గా పేరుపడ్డ జర్మన్ పైలట్ రిచ్‌తోఫెన్ ఎర్ర విమానం కోసమే. 425/17 సంఖ్య ఉన్న ఆ విమానంలోనే అతడు 1918 ఏప్రిల్ 21న చనిపోయాడు. ఎరుపు రంగు చల్లడం ఎవరైనా చేయగలరు. మిగతా డీఆర్.1లు చాలావరకు ఆలివ్ రంగును కుంచెతో చారలుగా పూసినవి, అడుగున నీలి ఆకుపచ్చ. ఆ చారలు అలవోకగా పూసినట్టు కనిపించాలంటే రెండు మూడు మోడళ్లయినా పాడుచేయాలి. మొదటిసారికి ఎరుపే నయం.

డీ.7 చూడటానికి ఇంకా సులువు. రెండు రెక్కలు, గట్టి స్ట్రట్లు, తీగలు చక్రాల దగ్గరా అదుపు కోసమూ మాత్రమే. 1918 యుద్ధ విరమణ ఒప్పందంలో దీని పేరు ప్రత్యేకంగా రాసి మరీ అప్పగించమన్నారు, అంత గట్టి విమానం. అయితే రంగుల దగ్గర బాకీ వసూలు చేసే కిట్ ఇదే. రెక్కల గుడ్డ మీద నాలుగైదు రంగుల బహుభుజుల అచ్చు ఉంటుంది. దాన్ని డికాల్‌గా (నీళ్లలో నానబెట్టి అతికించే పలుచని అచ్చుగా), రెండు రెక్కలకూ పైనా కిందా, పట్టీల వారీగా అతికించాలి. దాని మీద మళ్లీ, రెక్క లోపలి అడ్డపుల్లలు (రిబ్‌లు) ఉన్న చోట సన్నని పట్టీలు. తీగల నుంచి తప్పించుకుందామని వెళ్లి డికాల్ నీళ్లలో రెండు వారాలు గడిపిన వాడిని నేను. డికాల్ పని ఇష్టమైనవారికి ఇది పండగే, నాకు కాదు.

న్యూపోర్ట్ 17 మంచి రెండో మెట్టు. కింది రెక్క సన్నం, ఒక్కో పక్క వి ఆకారపు స్ట్రట్. తీగలు తక్కువైనా అన్ని రకాలూ కొంచెం కొంచెం ఉంటాయి కాబట్టి చెయ్యి తిరుగుతుంది. జర్మన్ ఆల్బట్రాస్ డీ.3 ఈ అమరికనే అనుకరించింది, అది కట్టినా ఇంతే.

సాప్‌విత్ ట్రైప్లేన్ మీద నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నాను. ఒక్కో పక్క పలకలాంటి ఒకే స్ట్రట్ కింది రెక్క నుంచి పై రెక్క దాకా వెళుతుంది, తీగలు ఆ కాలపు బ్రిటిష్ విమానాలతో పోలిస్తే బాగా తక్కువ. కానీ మూడు రెక్కలూ ఒకదానికొకటి సమాంతరంగా రావాలి. మధ్య రెక్క అర మిల్లీమీటరు వాలినా ఎదురుగా చూసినప్పుడు మొదట కంటికి తగిలేది అదే. డీఆర్.1లో రెక్కలు పొడవు తక్కువ, పైగా మధ్యది శరీరంలో బిగుసుకుని ఉంటుంది కాబట్టి తప్పు అంతగా కనబడదు.

ఇక కామెల్. 5,000కు పైగా తయారైన ఈ విమానాన్ని కట్టాలని అందరికీ ఉంటుంది. తీగల కన్నా ముందు దీని రెక్కలే పరీక్ష పెడతాయి. పై రెక్క పూర్తిగా చదును, కింది రెక్క కొసలు 5 డిగ్రీలు పైకి లేస్తాయి. మామూలుగా అయితే రెండు రెక్కలూ కాస్త వాలుతో ఉంటాయి గనుక చిన్న తప్పు దాగిపోతుంది, ఇక్కడ దాగదు. అయితే ఆ చదునే మనకు సాయం కూడా చేస్తుంది. పై రెక్కను గాజు పలక మీద బోర్లించి, స్ట్రట్లు దానికే అతికించి, మిగతా విమానాన్ని తలకిందులుగా దాని మీదికి దించండి. పై రెక్క వంకర పోవడానికి దారే ఉండదు.

బ్రిటిష్ బైప్లేన్ గ్లాడియేటర్ కొంచెం పెద్దది, స్ట్రట్లు దృఢంగా ఉంటాయి, కామెల్ కన్నా ఓర్పుగల విమానం. స్వోర్డ్‌ఫిష్ సంగతి ఒక్క మాటలో: 1941 మేలో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌ను దెబ్బతీసిన విమానమని మోజుపడి మొదటి కిట్‌గా తెచ్చుకోకండి. పక్కకు రెండు జతల స్ట్రట్లు, వాటి మధ్య సాలెగూడులాంటి తీగలు.

ఏ స్కేలు?

పెద్దదైతే తేలికని అందరూ అంటారు. ఆ మాట సగమే నిజం. 5 మి.మీ. తీగను అనుకుంటే 1/72లో అది 0.07 మి.మీ., 1/48లో 0.10, 1/32లో 0.16. మనిషి వెంట్రుక సుమారు 0.05 నుంచి 0.10 మి.మీ. ఉంటుంది. అంటే 1/72లో సరైన తీగ వెంట్రుకంత. అంతకన్నా లావు దారం వేస్తే విమానాన్ని తాళ్లతో కట్టిపడేసినట్టు ఉంటుంది. అయితే ఈ స్కేలులో కొన్ని తీగలు వదిలేసినా, జంట తీగల బదులు ఒక్కటే వేసినా ఎవరూ తప్పు పట్టరు. 1/32కు వచ్చేసరికి ఆ వెసులుబాటు పోతుంది. తీగ కొసన బిగించే చిన్న మర, అంటే టర్న్‌బకిల్ కూడా కనబడవలసిందే, రెక్క మీద దాన్ని పట్టే కొక్కెం కూడా. వింగ్‌నట్ వింగ్స్ సంస్థ 2009 నుంచి 2020లో మూతపడేదాకా 1/32లో తెచ్చిన కిట్ల వల్ల ఆ స్కేలు మీద ఆశ బాగా పెరిగింది. వాటి పుస్తకాల్లో ఏ తీగ ఎక్కడికి వెళుతుందో రంగుల బొమ్మలతో స్పష్టంగా ఉండేది. ఆ బొమ్మలు చూసి ధైర్యం తెచ్చుకున్నవారు ఎందరో. కానీ తీగకు రెండు టర్న్‌బకిళ్ల చొప్పున 30 తీగలంటే 60 చిన్న ముక్కలు.

నా మాట: మొదటిది 1/48. డీఆర్.1 ఆ స్కేలులో 15 సెం.మీ. ఉంటుంది, అరచేతిలో నిలుస్తుంది, పట్టకారు కొస లోపలికి వెళుతుంది, టర్న్‌బకిళ్ల బెడద లేదు.

ఏ తీగ?

ఎక్కువ తర్జనభర్జన జరిగేది ఇక్కడే. దారాల పేర్లు పట్టుకుని పోల్చేముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోండి: రంధ్రాలు రంగు వేయక ముందే పెట్టే ఓపిక మీకుందా? ఉంటే ఒక దారి, లేకపోతే ఇంకో దారి.

| రకం | రంధ్రాలు | జిగురు | తగిన స్కేలు | దెబ్బ తగిలితే |
|---|---|---|---|---|
| సాగదీసిన స్ప్రూ | అక్కర్లేదు | తెల్ల జిగురు | 1/72 | విరుగుతుంది |
| సన్నని లోహపు తీగ | అక్కర్లేదు | తెల్ల జిగురు | 1/72, 1/48 | వంగుతుంది లేదా ఊడుతుంది |
| సాగే దారం | ఉంటే మంచిది | సూపర్ గ్లూ | 1/72, 1/48 | సాగి వెనక్కి వస్తుంది |
| నైలాన్ దారం | తప్పనిసరి | సూపర్ గ్లూ | 1/48, 1/32 | తట్టుకుంటుంది |
| ఎచింగ్ చేసిన లోహపు పట్టీ | అక్కర్లేదు | ఏదైనా | కిట్‌ను బట్టి | వంగితే సరికాదు |

కిట్ ముక్కలను పట్టి ఉంచే చట్రాన్నే స్ప్రూ అంటాం. దాని ముక్కను కొవ్వొత్తి మంట పైన తిప్పుతూ, మెత్తబడగానే పక్కకు తీసి రెండు చేతులతో లాగితే వెంట్రుకంత పోగు వస్తుంది. ఎంత వేగంగా లాగితే అంత సన్నం. పది సార్లు లాగితే రెండు పనికొస్తాయి, అయినా ఖర్చేమీ లేదు. కొలత ప్రకారం కోసి, కొసలకు తెల్ల జిగురు అంటించి పెట్టడమే. జారుగా ఉంటే వెలిగించిన అగరుబత్తి కొసను దగ్గరికి తేవాలి, వేడికి పోగు ముడుచుకుని బిగుస్తుంది. తాకనివ్వకండి, క్షణంలో తెగుతుంది.

లోహపు తీగ నా 1/72 మోడళ్లలో ఎక్కువగా వాడేది. 0.1 మి.మీ. నికెల్ సిల్వర్ లేదా స్టీలు తీగ ముక్కను గాజు మీద పెట్టి పైన ఉక్కు స్కేలుతో దొర్లిస్తే బాణంలా తిన్నగా అవుతుంది. డివైడర్లతో రెండు బిందువుల దూరం కొలిచి, అంతే కోసి, పట్టకారుతో నిలిపితే సరి. లాగుడు లేదు కాబట్టి రెక్కలు వంగవు. రంగు, డికాల్, వార్నిష్ అన్నీ అయ్యాక చేసే పని కాబట్టి మనసు కూడా తేలికగా ఉంటుంది. లోపం ఒక్కటే, కొలతలో చిన్న తేడా వచ్చినా దాగదు. పొడవైతే విల్లులా వంగుతుంది, పొట్టిదైతే చివర ఖాళీ. ఒక్కో తీగకు రెండు మూడు కోసుకోక తప్పదు. రాగి తీగ సులువుగా దొరుకుతుందని దానికి దిగకండి, చూపు తగిలినా వంగిపోయేంత మెత్తన.

ఈజీ లైన్‌లాంటి సాగే దారం ఈ అభిరుచిని చాలామందికి దగ్గర చేసింది. ఒక కొసను సూపర్ గ్లూ చుక్కతో అతికించి, ఆరాక కాస్త లాగి రెండో కొసను అతికించాలి. కాస్త అన్న మాట ముఖ్యం. ఎంతైనా సాగుతుంది కదా అని బాగా లాగితే అతుకే ఊడి వస్తుంది. తగినంత బిగితే చాలు, వేలు తగిలినా తెగకుండా యథాస్థానానికి వస్తుంది. పిల్లలున్న ఇంట్లోనూ, ప్రదర్శనలకు తీసుకెళ్లే పెట్టెలోనూ దీనికి సాటి లేదు. రంగు మాత్రం దీని మీద సరిగా నిలవదు, కావలసిన రంగులోనే కొనాలి. నలుపు వద్దు, ముదురు బూడిద రంగు తీసుకోండి. చిన్న స్కేలులో నలుపు ప్రతి తీగనూ లావు చేసి చూపిస్తుంది.

నైలాన్ దారమంటే చేపల గాలానికి వాడే సన్నని రకం, లేదా కుట్టుపనిలో వాడే పొగరంగు కనిపించని దారం. 0.3 మి.మీ. డ్రిల్ బిట్‌తో, పిన్ వైస్ (చేత్తో తిప్పే చిన్న డ్రిల్ పిడి) పట్టుకుని, తీగ వెళ్లే దిశలోనే ఏటవాలుగా రెక్కలో రంధ్రం పెట్టాలి. దారాన్ని పై రెక్కలోంచి బయటికి తీసి, బట్టలు ఆరేసే క్లిప్పు వేలాడదీసి, ఆ బరువుకు బిగిసి ఉండగా సూపర్ గ్లూ వేస్తారు. తర్వాత మిగిలిన కొస కోసి, రంధ్రం పూడ్చి, ఆ చోట మళ్లీ రంగు. ఫలితం అందంగా ఉంటుంది, మోడల్ కూడా నిజంగానే గట్టిపడుతుంది. కానీ ఎవరైనా మోసపోయేది ఇక్కడే. నా మొదటి 1/48 బైప్లేన్‌కు క్లిప్పు బదులు చేత్తో లాగి బిగించాను. ఎడమ పక్క ముగించేసరికి అటు రెక్క కొస కిందికి దిగింది, దాన్ని సరిచేయడానికి కుడి పక్క ఇంకా గట్టిగా లాగాను. ఇప్పుడు ఆ విమానం రెండు రెక్కలూ ముడుచుకున్న కాకిలా అరలో కూర్చుని ఉంది. ఒక తీగ ఇటు, దాని జత అటు, మార్చి మార్చి వేయాలని అప్పుడే తెలిసింది.

ఎచింగ్ చేసిన పట్టీలు, అంటే పలుచని లోహపు రేకును రసాయనంతో కరిగించి తీసినవి, కొన్ని కిట్లకే దొరుకుతాయి. బ్రిటిష్ విమానాల్లో గుండ్రని తాడు కాకుండా గాలిని చీల్చే చదునైన లోహపు తీగలు వాడేవారు. ఆ చదును కనబడాలంటే ఇవే సరైనవి. జర్మన్, ఫ్రెంచి విమానాలకు ఇవి తప్పు, వాటిలో మామూలు కేబుల్. పైగా మీ స్ట్రట్లు కిట్ తయారీదారు అనుకున్న కోణంలోనే కూర్చుని ఉండాలి, లేదంటే పట్టీ పొడవు సరిపోదు.

ఎవరికి ఏది

చేతులు కొంచెం వణికేవారికి, చూపు మందగించినవారికి: 1/48 డీఆర్.1, సాగే దారం. తీగలు తక్కువ, తప్పు జరిగితే పీకి మళ్లీ వేయవచ్చు.

1/72 మోడళ్ల వరుస పేర్చుకునేవారికి: లోహపు తీగ. మొదట్లో ఒక్కో తీగకు పది నిమిషాలు పడుతుంది, మూడో మోడల్‌కు చెయ్యి పరిగెడుతుంది.

ఫోటోలు దగ్గరనుంచి తీసి చూపించాలనుకునేవారికి: 1/32, నైలాన్, టర్న్‌బకిళ్లు. ఇది వారాంతపు పని కాదు, నెలల పని. కేబేన్ దగ్గర మొదలుపెట్టి బయటికి, ఇన్సిడెన్స్ వైర్లు, ల్యాండింగ్ వైర్లు, చివర ఫ్లయింగ్ వైర్లు. ఈ వరుస తప్పితే ముందు వేసిన తీగ పట్టకారుకు అడ్డం వస్తుంది.

తీగలంటే అసలు ఇష్టం లేనివారికి: వదిలేయండి. డీఆర్.1, డీ.7 తీగలు లేకున్నా చూడముచ్చటగానే ఉంటాయి. కామెల్, గ్లాడియేటర్ మాత్రం తీగలు లేకపోతే ఎముకలు లేనట్టు కనిపిస్తాయి. ఆ రెండింటికీ కనీసం ఫ్లయింగ్, ల్యాండింగ్ వైర్లయినా వేయండి.

తెగితే ఏం చేయాలి

కొనేముందు దీని గురించి ఆలోచించేవారు తక్కువ. మోడల్ అరలోకి వెళ్లాక రెండేళ్లలో ఒక తీగైనా పోతుంది, ఎక్కువగా దుమ్ము దులిపేటప్పుడు. స్ప్రూ, లోహపు తీగ అయితే పాతది తీసి, తడి కుంచెతో తెల్ల జిగురు తుడిచి, కొత్తది కోసి పెట్టడం పది నిమిషాల పని. సాగే దారం కొస మాత్రమే ఊడితే మళ్లీ ఒక చుక్క జిగురు చాలు. నైలాన్‌కు రంధ్రం మళ్లీ తెరవాలి, పై రెక్క మీద రంగు గీరాలి, డికాల్ ఉంటే అదీ పోతుంది. నా కాకి విమానంలో ఒక ఇన్సిడెన్స్ వైరు తెగి చాలా రోజులైంది. పై రెక్క మీద గుర్తు సరిగ్గా ఆ రంధ్రం మీదే ఉంది కనుక దాని జోలికి పోలేదు.